గేర్లున్న తెల్లది, గేర్లు లేని ఎర్రది

డ్రైవింగ్ నేర్పే పనిలో కొత్తగా చేరిన వాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. భయపడే వాళ్ళకు ఎలా నేర్పాలి, తొందరపడే వాళ్ళను ఎలా ఆపాలి అని అడుగుతారు. అవన్నీ ఆర్నెల్లలో మీకే తెలిసిపోతాయి, నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పాల్సింది ఒక్కటే. మీ దగ్గర నేర్చుకున్న మనిషి ఏదో ఒకరోజు వచ్చి, "సార్, ఈ రెండు కార్లల్ల ఏది తీసుకుంటే మంచిది?" అని అడుగుతుంది. ఆ రోజు మాత్రం జాగ్రత్తగా ఉండండి. నేను లేను.

గద్వాలలో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఇరవై మూడేళ్లు పనిచేశాను. స్కూలంటే మార్కెట్ యార్డు వెనక ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, బయట ఒక పాత కారు. ఆ కారులో నేర్చుకునే వాళ్ళు కుడి పక్క కూర్చుంటే నేను ఎడమ పక్క కూర్చునేవాణ్ణి. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉండేవి. వాళ్ళు ఏ గొడవ తెచ్చిపెట్టినా నా కాళ్ళతో సర్దేసేవాణ్ణి. గద్వాలలో సగం కార్లు మా సారు చేతి మీదుగానే రోడ్డెక్కాయని మా ఓనరు వచ్చిన వాళ్ళకల్లా చెప్పేవాడు. సగం స్పీడ్ బ్రేకర్లు కూడా వాళ్ళ కోసమే వేశారన్న సంగతి చెప్పేవాడు కాదు.

నేను ఉద్యోగం మానడానికి ఏడాది ముందు ఒకామె నేర్చుకోవడానికి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. వాళ్ళది చీరలు నేసే ఇల్లు. నేసిన చీరలను వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు ఇన్నాళ్లూ భర్తే బండి మీద కట్టుకుని తిరిగి వేసి వచ్చేవాడు. ఏడాది నుంచి ఆయన బండి ఎక్కడం మానేశాడు. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మొదటి రోజు స్టీరింగ్ ముందు కూర్చోగానే అడిగింది.

"సార్, దీన్ని ఆపేది ఏది? ముందుగాల అది చూపెట్టుండ్రి. పోయేది తర్వాత నేర్చుకుంట."

ఇరవై రెండేళ్లలో ముందుగా ఆపడం అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మంచి శిష్యురాలు దొరికిందని సంతోషపడ్డాను. కానీ ఒక చిక్కు ఉండేది. గేరు మార్చిన ప్రతిసారీ తల వంచి గేరు కర్రను చూసేది. మగ్గం మీద చెయ్యి ఎక్కడ పడుతుందో కళ్ళతో చూసుకోవడం వాళ్ళకు అలవాటు. నేనేమో రోడ్డు చూడమ్మా, రోడ్డు చూడు అని గొంతు పోయేలా అరిచేవాణ్ణి. ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేసే పరీక్షలో ఒకసారి పక్కన పాతిన కర్రను తాకింది, రెండోసారి నెగ్గింది. లైసెన్సు వచ్చిన రోజు స్కూలుకు వచ్చి మా అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టింది. అప్పటికి మూడు నెలలైంది.

ఆ మర్నాడు భర్త వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గీత గీసినట్టు మాట్లాడే మనిషి. చేతిలో నోట్‌బుక్కు. దాంట్లో మధ్యలో ఒక గీత గీసి ఒక పక్క తెల్లది, ఇంకో పక్క ఎర్రది అని రాసుకున్నాడు. తెల్లది వనపర్తి షోరూంలో ఉంది, ఎర్రది నాగర్‌కర్నూల్‌లో ఉంది. రెండూ చిన్న కార్లే, ఇద్దరు మనుషులకూ నాలుగు చీరల మూటలకూ సరిపోయేవి.

"సార్, ఒక్కసారి మీరు ఎంబడి రావాలె. మాకు కార్ల సంగతి తెల్వదు," అన్నాడు.

మా ఓనరు పక్కనుంచి అందుకున్నాడు. "పో అన్నా. మన స్టూడెంటు. మన స్కూలు పేరు నిలబెట్టి రా."

పేరు సంగతి తర్వాత చెబుతాను.

ముగ్గురం బస్సులో వనపర్తికి పోయాం. బస్సు ఎక్కేటప్పుడు ఆయన మమ్మల్ని, మా వెనకున్న వాళ్ళను, వాళ్ళ వెనక వచ్చిన వాళ్ళను కూడా ఎక్కనిచ్చి ఆఖర్న ఎక్కాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

షోరూంలో తెల్లకారు ముందు నిలబడి నేను గొంతు సవరించుకుని ఇంజను గురించి, మైలేజీ గురించి మొదలుపెట్టాను. ఆయన వినలేదు. నేరుగా వెనక తలుపు తీసి సీటు బట్టను రెండు వేళ్ళతో పట్టి నలిపాడు. చెవిని సీటు దగ్గరికి వంచి గోరుతో గీకి శబ్దం విన్నాడు.

"ఇది నూలు కాదు."

షోరూం ఆయన కూడా సీటును తడిమి చూశాడు. "కాదండి," అన్నాడు.

"ఎండకు ఒళ్ళు కాలుతది." నోట్‌బుక్కులో రాసుకున్నాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, నీళ్ళతో తడిపి, కారు బానెట్టు మీద ఓ మూల గట్టిగా రుద్దాడు. రుమాలు వెలుతురుకు పట్టి చూశాడు. రంగు దిగలేదు. అది కూడా రాసుకున్నాడు. డిక్కీలో చీరల పెట్టె పట్టేంత జాగా ఉందో లేదో జానలతో కొలిచాడు. హారన్ మూడుసార్లు కొట్టించాడు. నోట్‌బుక్కులోకి తొంగి చూస్తే హారన్ దగ్గర "మేక లెక్క" అని ఉంది.

నేను ఇంజను గురించి చెప్పింది ఏ పక్కనా లేదు.

అక్కణ్ణుంచి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్. ఎర్రకారు చూడగానే బాగుంది. కిందికి, నేలకు దగ్గరగా, పరుగెత్తబోయేదానిలా ఉంది. దానికి గేర్లు లేవు. అంటే ఉంటాయి, కానీ అవే మారుతాయి. క్లచ్ ఉండదు. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చుని ఇక దిగలేదు. కాగితాలు తెమ్మన్నాడు, కూర్చునే చదివాడు. నీళ్ళడిగాడు, కూర్చునే తాగాడు. మేము బయటికి వచ్చేశాక కూడా చాలాసేపటికి గానీ రాలేదు. కారు అంతగా నచ్చిందన్నమాట అనుకున్నాను. ఆమె మాత్రం గుమ్మంలో నిలబడి లోపలికే చూస్తోంది. ఆమె ముఖం అదోలా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఆమె జామకాయలు కొనడానికి వెళ్ళింది. ఆయన నా పక్కకు జరిగి, గొంతు తగ్గించాడు.

"సార్, మీరు ఆమెకు గురువు. మీ మాట ఇంటది. ఎర్రది మంచిదని జర మీరే చెప్పుండ్రి."

"ఎర్రది నచ్చిందా అన్నా?"

"నచ్చుడు కాదు సార్. గేర్ మార్చేటప్పుడు ఆమె కిందికి చూస్తది. మీ బండిల మీకు బ్రేకున్నది, మీకేం. నాకేమున్నది? ఆమె కిందికి చూసినంత సేపు నా పానం పైకి పోతది. గేర్లు లేకుంటే చూసే పనే లేదు గద. గట్లని ఆమెతోని అనేటట్టు లేదు. మూడు నెలలు కష్టపడి నేర్చుకున్నది. నేను అన్నట్టు తెలిస్తే బాధపడ్తది."

మనిషి భయంలో న్యాయం ఉంది. పైగా నన్ను గురువు అన్నాడు. "సరే అన్నా, నేను చెప్త," అన్నాను.

మర్నాడు పొద్దున ఆమె స్కూలుకు వచ్చింది. చెయ్యి మరిచిపోకుండా ఓ అరగంట నడుపుతానంది. అయిజ రోడ్డు మీద కొంత దూరం పోయాక, బండి పక్కకు తీసి, చక్కగా హ్యాండ్ బ్రేకు వేసి ఆపింది.

"సార్, ఒక మాట. ఆయన మీరు చెప్తె ఇంటడు. తెల్లదే మంచిదని చెప్పుండ్రి."

ఎందుకమ్మా అన్నట్టు ఆమె వైపు తిరిగాను.

"ఆయనకు మోకాళ్ళు పోయినయి సార్. మగ్గం గుంతల కాళ్ళు పెట్టి ముప్పై ఏండ్లాయె. లేసేటప్పుడు మగ్గం కట్టె పట్టుకొని లేస్తడు. నేను చూస్తలేననుకుంటడు. నిన్న గా ఎర్రకార్ల ఎంతసేపు కూసున్నడో చూస్తిరి కద. నచ్చి కాదు సార్. లేవనీకి రాక. మనమందరం బయటికి పోయినంక తలుపు పట్టుకొని లేసిండు. తెల్లది ఎత్తున్నది. కుర్చీల కెళ్ళి లేసినట్టు లేస్తడు."

బస్సు దగ్గర మర్యాద కూడా అప్పుడు అర్థమైంది. మెట్లు ఎక్కే అవస్థ వెనకాల ఎవరూ చూడకూడదని.

"దవాఖానకు తోల్కపోరాదమ్మా?"

"పోతడా? ఏం లేదంటడు. గట్టిగ అడిగితే రెండు దినాలు మాట్లాడడు. ఇంకొకటి, నాకు గేర్లు లేని బండి వద్దు. అందరు నన్ను చూసి నవ్వంగ నేర్చుకున్న. కానీ అసలు మాట మోకాళ్ళు. నేను చెప్పినట్టు ఆయనకు తెల్వనియ్యకుండ్రి."

ఆమె భయంలోనూ న్యాయం ఉంది. "సరేనమ్మా, నేను చెప్త," అన్నాను.

ఇరవై నాలుగు గంటలు తిరక్కుండా ఒకే మాట ఇద్దరికి ఇచ్చాను. తప్పెక్కడ జరిగిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరిలో ఎవరో ఒకరికి "ఈ సంగతి మీ ఇంట్లోనే మాట్లాడుకోండ్రి" అని ఉంటే సరిపోయేది. కానీ గురువు అనిపించుకున్న మనిషికి ఆ వాక్యం నోట్లోంచి రాదు.

మా ఓనరుకు చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత సలహా ఇచ్చాడు.

"రెండూ మంచియే అని చెప్పు అన్నా. ఎవరికేం నష్టం?"

అలాగే చేశాను. ఆమె కనబడితే తెల్లది మంచిదే అనేవాణ్ణి, ఆయన ఫోన్ చేస్తే ఎర్రది మంచిదే అనేవాణ్ణి. ఇద్దరూ పక్కపక్కన కనబడితే రెండూ మంచివే అనేవాణ్ణి. ఓ పది రోజులు నెట్టుకొచ్చాను. కానీ ఆయన ప్రతిదీ పద్ధతిగా చూసే మనిషి.

"సార్, చీర కొనేటోళ్ళు రెండు చీరలు పక్కపక్కన ఏసుకొని చూస్తరు. ఒకటి వనపర్తిల, ఒకటి నాగర్‌కర్నూల్ల పెట్టి చూస్తే ఏం తెలుస్తది? రెండు కార్లు మా గల్లీకి రావాలె. ఒక్కటే దినం. మీరు గూడ రావాలె. రెంటిట్ల ఏది మంచిదో అందరి ముందట చెప్పాలె."

రెండు షోరూముల వాళ్ళూ ఆదివారం తెస్తామని ఒప్పుకున్నారు. నాకు ఆ ఆదివారం జ్వరం వస్తే బాగుండు అనిపించింది. రాలేదు.

వాళ్ళ గల్లీ రెండు మంచాలు అడ్డంగా వేస్తే నిండిపోయేంత ఉంటుంది. మేము పోయేసరికి గల్లీ సగం పొడుగునా పడుగు సాచి గంజి పెడుతున్నారు. పడుగంటే మగ్గం మీదికి ఎక్కించే నిలువు నూలు. దాన్ని కర్రల మీద ఒక గోడ పక్కగా బిగించి కట్టారు. దానికి కాపలా ఒక ముసలామె. తెల్లకారు వెంట వనపర్తి షోరూం ఆయన వచ్చాడు, ఎర్రకారు వెంట నాగర్‌కర్నూల్ షోరూం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముసలామె వాళ్ళిద్దర్నీ, నన్నూ వరసగా చూసింది.

"నూలు తెగిందనుకో, ఏ కారు మంచిదో నేను చెప్త మీకు," అంది.

ముందు తెల్లది. నా శిష్యురాలు నడిపింది. పక్కన భర్త, వెనక షోరూం ఆయన. పడుగుకు జానెడు దూరంలో పోనిచ్చి, మూల తిప్పి, రోడ్డెక్కి, ఓ చుట్టు చుట్టి మళ్ళీ గల్లీలోకి తెచ్చి ఆపింది. నేను అరుగు మీద నిలబడి, అంతా నా ఘనతే అన్నట్టు చేతులు కట్టుకున్నాను. ఆయన మామూలుగా దిగాడు. ఆ దిగడం ఎవరూ గమనించలేదు, ఆమె తప్ప.

తర్వాత ఎర్రది. ఆమె తలుపు తీసి కింద చూసింది.

"సార్, క్లచ్ లేకుంటే ఎడమ కాలు ఏం చెయ్యాలె?"

"ఊకనే పెట్టాలమ్మా," అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది.

"ఊకనే ఎట్ల పెడ్తరు? నాకు అలవాటు లేదు. నేను నడుప."

భర్త నా వైపు చూశాడు. ఆ చూపులో బస్టాండు మాటంతా ఉంది. "సార్ నడిపి చూపెడ్తరు. ఎంత సులువో నువ్వే చూడు."

గల్లీ అంతా నన్నే చూస్తోంది. షోరూం అమ్మాయి తాళం నా చేతిలో పెడుతూ మెల్లగా అడిగింది.

"సార్, ఆటోమేటిక్ మీకు అలవాటేనా?"

"ఇరవై రెండేండ్లమ్మా," అన్నాను.

ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. నిజమేమిటంటే, గేర్లు లేని కారు నేను జీవితంలో ఒక్కసారి కూడా నడపలేదు. మా స్కూల్లో ఉన్నది ఒక్క పాత కారు. ఇరవై రెండేళ్లు ఎడమ పక్క సీట్లోనే కూర్చున్నాను, కుడి పక్కకు మారితే రోడ్డే వేరేలా కనబడేది. ఇవన్నీ అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఆ అమ్మాయి వెనక కూర్చుంది. కారు మెత్తగా కదిలింది. పడుగును దాటేశాను. ముసలామె కూడా తల ఊపింది. ఇంకేముంది, బాగానే ఉందనుకున్నాను. మూల వచ్చింది. మూలలో ఎడమ పక్క ఒక ఇంటి అరుగు, కుడి పక్క కరెంటు స్తంభం. మూల తిరిగేముందు నా ఎడమ కాలు, నన్నడక్కుండానే, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ క్లచ్‌ను తొక్కింది. అక్కడ క్లచ్ లేదు. ఉన్నది బ్రేకు.

కారు తన్నినట్టు ఆగింది. ఆయన నోట్‌బుక్కు ఎగిరి అద్దానికి కొట్టుకుంది. నేను గాబరాపడి రెండు కాళ్ళూ ఎత్తేశాను. బ్రేకు వదిలితే ఆ కారు దానంతటదే ముందుకు పాకుతుందని నాకు తెలియదు. పాకింది. పాకి, అరుగుకూ స్తంభానికీ మధ్య ముందు భాగాన్ని దూర్చి, ఒక మూలుగు మూలిగి, నిలబడింది. కుడి పక్క అద్దం కింద పడిన చప్పుడు వినిపించింది.

నా తలుపు తెరిస్తే స్తంభం. ఆయన తలుపు తెరిస్తే అరుగు. షోరూం అమ్మాయి వెనక తలుపు తీసుకుని నిమ్మళంగా దిగి, కారు ముందుకు వచ్చి చూసి, చేత్తో నోరు మూసుకుంది.

"అంకుల్, సీట్ల మధ్యలకెళ్ళి వెనక్కి రండి," అని పిలిచింది.

ఆయన కదల్లేదు. "నేను ఈడనే ఉంట," అన్నాడు. కారణం నాకు తెలుసు. నేనూ కదల్లేదు. నా కారణం నా పొట్ట.

అప్పుడు నా శిష్యురాలు వచ్చి ముందు అద్దానికి ఎదురుగా నిలబడింది. నా పక్క కిటికీ అద్దం నాలుగు వేళ్ళు దిగి ఉంది.

"ఏంది సార్? తెల్లది మంచిదని మీరే అంటిరి. మళ్ళ దీంట్ల ఎక్కి గీ తిప్పలేంది?"

ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు.

"తెల్లది మంచిదన్నరా?"

"అన్నా..."

"నాతోని ఎర్రది మంచిదంటిరి కద సార్."

"ఆయనతోని ఎర్రది అన్నరా?" అని ఆమె బయటినుంచి.

గల్లీలో గంజి పెట్టడం ఆగిపోయింది. ముసలామె కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా తేల్చి చెప్పింది. "ఈ సారు ఇద్దరికీ మాటిచ్చిండన్నట్టు."

ఆ కారులో తలుపు తెరుచుకునే వీలుంటే నేను పెద్దమందడి దగ్గరున్న మా ఊరిదాకా నడుచుకుంటూ పోయేవాణ్ణి. లేదు కాబట్టి ఒప్పుకున్నాను. ఇద్దరూ అడిగారని, ఇద్దరికీ సరే అన్నానని, తప్పు నాదేనని చెప్పాను.

"ఎందుకు ఎర్రదంటివి?" అని ఆమె భర్తను అడిగింది.

ఆయన కాసేపు అద్దంలోంచి స్తంభాన్ని చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నాడు. "గేర్ మార్చేటప్పుడు నువ్వు కిందికి చూస్తవు. నాకు భయమైతది."

"ఇయ్యాల చూసిన్నా?"

ఆయన వంగి, కాళ్ళ దగ్గర పడ్డ నోట్‌బుక్కు తీసి, పేజీ తిప్పాడు. అక్కడ వరసగా గీతలున్నాయి. ఆమె నడిపినంతసేపూ ఆయన రాసుకున్నది అదన్నమాట.

"పన్నెండు సార్లు మార్చినవు. రెండు సార్లే చూసినవు," అన్నాడు. లెక్క తప్పు చెప్పే మనిషి కాదు.

"నువ్వెందుకు తెల్లదంటివి?" అని ఆయన అడిగాడు.

ఆమె గల్లీ వైపు చూసింది. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. నా వైపు చూసింది. ఆ వ్యవహారంలో నేను చేసిన ఒక్క మంచి పని అప్పుడే చేశాను. నోరు మూసుకుని కూర్చున్నాను.

"ముందుగాల బయటికి రాండ్రి. తర్వాత చెప్త," అంది ఆమె.

ఆమే బయటికి తెచ్చింది. కారు ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తింది. "సార్, ఎడమ కాలు మడిచి సీటు కిందికి పెట్టుకోండ్రి. దాంతోని మీకు పని లేదు. వెనకకు పెట్టుండ్రి. బ్రేకు జర జర వదలుండ్రి. స్టీరింగు ఎడమకు. ఇంకొంచెం. నా చెయ్యి చూడుండ్రి, స్తంభాన్ని చూడకుండ్రి." నేను ఆమెకు చెప్పినప్పుడు అరిచినట్టు ఆమె నా మీద ఒక్కసారి కూడా అరవలేదు. కారు ఎడమ పొడుగునా అరుగు ఒక గీత గీసింది. ఆ గీత పూర్తయ్యేదాకా షోరూం అమ్మాయి కళ్ళు మూసుకునే ఉంది. ఆ గీత సంగతి తర్వాత మా ఓనరూ ఆ షోరూం వాళ్ళూ మాట్లాడుకున్నారు. నన్ను దరిదాపులకు రానివ్వలేదు.

గల్లీ వెడల్పుగా ఉన్నచోట ఆపాను. నేను దిగాను. ఆయన దిగాలి. తలుపు తీశాడు, ఒక కాలు బయట పెట్టాడు, పైకి లేవబోయి మళ్ళీ సీట్లో పడ్డాడు. రెండోసారి కూడా అంతే. మూలలో ఇరుక్కుని అంతసేపు కూర్చోవడంతో మోకాళ్ళు బిగుసుకుపోయినట్టున్నాయి. ఎవరో, "ఏందే, కోపమొచ్చిందా, దిగుత లేడు?" అన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

ఆమె గబగబా వచ్చి, అందరికీ వీపు పెట్టి, తలుపుకూ ఆయనకూ మధ్య నిలబడింది. కొంగు కాస్త విప్పి భుజం మీద సవరించుకుంది. ఆ వెడల్పుకు గల్లీలో వాళ్ళకు లోపల ఏం జరుగుతోందో కనబడలేదు. "జర ఆ నోట్‌బుక్కు ఇయ్యి, ఏం రాసినవో చూస్త," అని గట్టిగా అంది. అంటూనే ఆయన మోచేతి కింద చెయ్యి వేసి లేపింది. నేను కారుకు ఇవతలి పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"పోయినేడాది సంది."

"చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన."

ఆయన అరుగు మీద కూర్చుని కాసేపు మోకాళ్ళు రాసుకున్నాడు. ఇంక దాచుకోలేదు. తర్వాత లేచి పోయి తెల్లకారులో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నాలుగోసారి లేచాక నోట్‌బుక్కు తీసి ఎర్రది అన్న పక్కంతా ఒక్క గీత కొట్టేశాడు.

"ఇదే పంపుండ్రి," అన్నాడు.

వనపర్తి షోరూం ఆయన సంతోషం పట్టలేక ముందుకు వచ్చాడు. "దీంట్ల గేర్లు లేనిది గూడ ఉన్నది సార్. ఇంతే ఎత్తు. కావాలంటే అదే పంపిస్త."

గల్లీలో ఉన్న మనుషులంతా ఒకరొకరుగా నా వైపు తిరిగారు. రెండు షోరూములు తిరిగాను. రెండు మాటలు ఇచ్చాను. ఇద్దరి భయమూ తీరే కారు ఒకటి ఉందేమోనని ఒక్కసారి కూడా అడగలేదు. నేను అరుగు రాళ్ళను పరిశీలించడం మొదలుపెట్టాను.

"వద్దు," అంది ఆమె. "మూడు నెలలు సారుతోని మాటలు పడి నేర్చుకున్న. గేర్లదే కావాలె."

ఆయన పెన్ను మూత విప్పాడు. నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు. తొంగి చూశాను. "గేర్లు: ఉన్నవి" అని ఉంది.

తర్వాత కొన్ని నెలలు గద్వాలలో నన్ను ఇద్దరికీ మాటిచ్చిన సారు అన్నారు. కొత్తగా చేరడానికి వచ్చిన ఒకాయన మా ఓనరును, "నేర్పేది ఆ సారేనా, వేరే ఎవరన్న ఉన్నరా?" అని నా ముందే అడిగాడు. మా ఓనరు నన్ను రెండు పొద్దులు నాగర్‌కర్నూల్‌కు పంపాడు, ఆ షోరూం అమ్మాయి దగ్గర గేర్లు లేని కారు నేర్చుకుని రమ్మని. ఆమె ఓపిగ్గా నేర్పింది. మొదటి రోజు నా ఎడమ చెప్పు విప్పించి వెనక సీట్లో పెట్టించింది. చెప్పు లేకపోతే ఆ కాలు తొక్కడానికి జంకుతుందట. నిజమే, జంకింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు ఆ ఉపాయం తట్టలేదు. మీలో ఎవరైనా వాడుకోవచ్చు.

కారు వచ్చిన రెండు వారాలకు, ఒక మంగళవారం పొద్దున నేను స్కూల్లో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆయనే. గొంతు గుసగుసగా ఉంది.

"సార్, మీ శిష్యురాలు నన్ను మోసం చేసింది."

"ఏమైంది అన్నా?"

"వనపర్తి దుకాణాలకు పోదామన్నది. వెనక సీట్ల చీరలు గూడ పెట్టింది. పెబ్బేరు కాడ వనపర్తి తొవ్వకు మర్లలేదు. ఏందే, ఎటు పోతున్నవంటే మాట్లాడది. సీదా పాలమూరుకు తెచ్చి ఎముకల దవాఖాన ముందట పెట్టింది. పేరు గూడ మొన్ననే రాయించిందట. నేను దిగనంటే, సరే కూసో, నేను లోపలికి పోయి డాక్టరుకు నీ సంగతంతా చెప్త అని పోయింది. పోయి పది నిమిషాలాయె."

"బండి ఎట్ల నడిపింది?"

"బండి మంచిగనే నడిపింది. అది కాదు సార్ మాట. ఆమె లోపల ఏమేం చెప్తున్నదో. నేను ఒక తీరుగ చెప్తే ఆమె ఇంకో తీరుగ చెప్తది. ఇప్పుడు నేనేం చెయ్యాలె సార్? మీరే చెప్పుండ్రి."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ ఒకరు నన్ను సలహా అడుగుతున్నారు. ఈసారి రెండో పక్క ఏమనుకుంటోందో నాకు బాగా తెలుసు.

"దిగు అన్నా," అన్నాను.

అవతల కారు తలుపు తెరుచుకున్న శబ్దం వినిపించింది, ఆ వెనకే మూసుకున్న శబ్దం. ఆ రెండు కార్ల వ్యవహారం మొత్తంలో నేను చెప్పిన మాట ఎవరైనా విన్నది అదొక్కసారే.